థియోఫిలిన్ మాత్రలు వాడేటప్పుడు

ఉబ్బసం లాంటి ఊపిరి జబ్బులకు ఇచ్చే థియోఫిలిన్ కాఫీలోని కెఫీన్‌కు దగ్గరి చుట్టం. ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. అప్పటికి పనికొచ్చేది సాల్బ్యుటమాల్ ఇన్‌హేలరే.

నెమ్మదిగా మందు వదిలే మాత్రను నమలొద్దు, నూరొద్దు. నూరితే గంటల తరబడి అందాల్సిన మందంతా ఒక్కసారే రక్తంలోకి చేరుతుంది. రోజూ ఒకే వేళకు వేసుకోండి. ఒక మోతాదు మరిచిపోతే తర్వాతిది రెట్టింపు చేయొద్దు. బ్రాండ్ మార్చేముందు డాక్టర్‌ని అడగండి, మందు విడుదలయ్యే తీరు ఒక్కో బ్రాండ్‌లో ఒక్కోలా ఉంటుంది.

పని చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో సాధారణంగా మిల్లీలీటరుకు 10–20 మైక్రోగ్రాములు ఉండాలి. కొందరికి అంతకన్నా తక్కువే చాలు. పరీక్షకు రక్తం మాత్ర వేసుకున్న 4–6 గంటలకు ఇవ్వాలి.

చాలామంది పట్టించుకోనిది సిగరెట్ సంగతి. పొగ తాగేవారి కాలేయం ఈ మందును త్వరగా ఖర్చు చేస్తుంది. సిగరెట్ మానేయగానే అదే మోతాదు ఎక్కువైపోతుంది. సిగరెట్ తప్పక మానేయండి, కానీ డాక్టర్‌కి ముందే చెప్పి మోతాదు తగ్గించుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, తీవ్ర జ్వరం కూడా మందు స్థాయిని పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్ తగ్గిస్తుంది.

వాంతులు, చేతుల వణుకు, గుండెదడ మొదలైతే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఒక్కోసారి ఇవేవీ లేకుండానే ఫిట్స్ రావచ్చు.