యూవీ దీపం వేసే ముందు: ఇంధనంలో గంధకం తీసే ప్రయోగానికి జాగ్రత్తలు

విశాఖ కళాశాలల్లో ప్రాజెక్టుల కాలం దగ్గర పడుతోంది. చర్యను వేగం చేసే ఉత్ప్రేరకమైన టైటానియం డయాక్సైడ్‌తో, కాంతి సాయంతో నమూనా ఇంధనం నుంచి గంధకం తీసే పని పెట్టుకున్నవారు ఇవి చూసుకోండి.

• గంధకాన్ని ఆక్సీకరించే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడిన గాజుసామానును నేరుగా అసిటోన్‌తో కడగవద్దు. ఆ రెండూ కలిస్తే, ముఖ్యంగా ఆమ్లం జాడ ఉంటే, చిన్న రాపిడికే పేలే పెరాక్సైడ్లు ఏర్పడవచ్చు. ముందు నీళ్లతో బాగా కడగండి. వ్యర్థాల సీసాలు కూడా వేరుగానే ఉండాలి. చాలామంది మరిచేది ఇదే.

• నమూనా ఇంధనానికి ద్రావణిగా ఆక్టేన్ కంటే డోడెకేన్ మేలు. ఆక్టేన్ ఆవిరి సుమారు 13 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. విశాఖలో జనవరిలో కూడా సాధారణంగా అంత చలి ఉండదు. డోడెకేన్‌కైతే 70 డిగ్రీలు దాటాలి.

• ఫ్లాస్కు మూత బిగించవద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది.

• ముందు చీకట్లో అరగంట కలపండి. ఉత్ప్రేరకానికి ఊరికే అంటుకున్న, నమూనా ఇంధనంలోని గంధక సమ్మేళనమైన డైబెంజోథయోఫీన్‌ను కాంతి ఖాతాలో వేస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

• దీపం లేకుండా, ద్రావణి అయిన అసిటోనైట్రైల్‌తో ఒక విడత చేయండి. అది ఒక్కటే కొంత గంధకాన్ని లాగేస్తుంది.

• ఉత్ప్రేరకం పొడిని ఆరబెట్టి తూచండి. సముద్రపు గాలిలో తేమ తూకాన్ని మారుస్తుంది.

• శాతం చూసి సంబరపడవద్దు. బీఎస్-6 (భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణం) డీజిల్‌లో గంధకం పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు. 500తో మొదలుపెట్టి 90 శాతం తీసినా ఇంకా 50 మిగులుతుంది.