స్పానిష్ పాఠాలు – 9: 'దాన్ని' మింగేయకండి

"తాళంచెవి ఉందా?" అని ఎవరైనా అడిగితే "ఆ, ఉంది" అంటాం. ఏది ఉందో మళ్ళీ చెప్పం. స్పానిష్‌లో అలా కుదరదు. "తియెనెస్ లా యాబె?" అంటే "సీ, లా తెంగో" అనాలి. ఒట్టి "సీ, తెంగో" అంటే వినేవాళ్ళు మిగతా మాట కోసం ఎదురుచూస్తారు. జవాబులోని ఆ చిన్న 'లా'యే మన 'దాన్ని'. తెలుగువాళ్ళం దాన్ని తప్పుగా వాడటం కన్నా అసలు వాడకుండా వదిలేయడమే ఎక్కువ, అందుకే ముందు ఇది చెప్తున్నాను.

పుంలింగానికి లో, స్త్రీలింగానికి లా. బహువచనంలో లోస్, లాస్. మనకి వస్తువులన్నీ 'అది'యే. అక్కడ పుస్తకం (లీబ్రో) మగ, తాళంచెవి (యాబె) ఆడ. మాట చివర 'ఆ' ఉందని స్త్రీలింగం అనుకోవద్దు: మాపా (మ్యాప్) పుంలింగం, కాబట్టి "లో తెంగో". నీళ్ళని 'ఎల్ ఆగ్వా' అంటారు ('ఎల్' మామూలుగా పుంలింగం ముందు వస్తుంది) గానీ అది స్త్రీలింగమే: "లా బెబో", తాగుతాను.

ఇక వరస. "కొంప్రో ఎల్ లీబ్రో" (పుస్తకం కొంటాను) అన్నప్పుడు క్రియ ముందు. కానీ పుస్తకం బదులు 'లో' రాగానే అది క్రియకి ముందుకొస్తుంది: "లో కొంప్రో". దాన్ని కొంటాను. అచ్చం మన వరసే! ఇంగ్లీష్ అలవాటు కొద్దీ చాలామంది "కొంప్రో లో" అనేస్తారు. ఈ ఒక్కచోట ఇంగ్లీష్‌ని పక్కనపెట్టి తెలుగులోనే ఆలోచించండి. కాదనాలంటే 'నో' అన్నిటికన్నా ముందు: "నో లో కొంప్రో".

'కొనాలనుకుంటున్నాను' లాంటి చోట రెండు దారులు: "లో కియెరో కొంప్రార్", లేదా చివర అతికించి "కియెరో కొంప్రార్లో". రెండూ ఒప్పే. కొను అని చెప్పేటప్పుడు మాత్రం అతికించాల్సిందే: "కోంప్రాలో", ఒత్తు మొదటి అక్షరం మీదే. వద్దంటే మళ్ళీ ముందుకి: "నో లో కొంప్రెస్".

నన్ను అంటే మె, నిన్ను అంటే తె. ఫోన్‌లో మనం "వినిపిస్తోందా?" అంటాం. వాళ్ళు "మె ఓయెస్?" అంటారు, నన్ను వింటున్నావా అని. జవాబు "సీ, తె ఓయ్‌గో". ఈ జంటని రోజూ నాలుగుసార్లు పైకి అనండి, పుస్తకం చూడకుండా.

మగమనిషిని చూస్తున్నాను అనడానికి మెక్సికోలో "లో బెఓ" అంటారు. మాద్రిద్‌లో "లె బెఓ" తరచూ వినిపిస్తుంది, ఏకవచనంలో దాన్ని స్పానిష్ రాయల్ అకాడమీ కూడా ఒప్పుకుంది. మీరు 'లో'తోనే మొదలుపెట్టండి, రెండుచోట్లా చెల్లుతుంది.

అభ్యాసం: వీటికి ఔనని ఒకసారి, కాదని ఒకసారి జవాబు రాయండి.
లేఎస్ ఎల్ పెరియోదికో? (పేపర్ చదువుతావా?)
ఆబ్రెస్ లాస్ బెంతానాస్? (కిటికీలు తీస్తావా?)

రెండోదానికి కాదనే జవాబు "నో, నో లాస్ ఆబ్రో". రెండు 'నో'లూ ఉండాలి. మొదటిదాని జవాబులు పదో పాఠంలో సరిచూద్దాం.