పరదేశంలో ప్రైవేటు వైద్యం: ఆసుపత్రి, స్పెషలిస్టు, బీమా సంస్థలతో వ్యవహరించే విధానం

ఉద్యోగం కోసమో చదువు కోసమో మరో దేశంలో నివాసం ఏర్పరచుకున్నవారికి వైద్యం విషయంలో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం కాగితాల దగ్గరే పుడతాయి. ఆసుపత్రి దగ్గర ఉన్న సమాచారం బీమా సంస్థకు చేరదు, బీమా సంస్థ పెట్టిన షరతులు స్పెషలిస్టుకు తెలియవు, స్పెషలిస్టు రాసిన నివేదిక కుటుంబ వైద్యుడి దాకా రాదు. వీరందరి మధ్య సమాచారాన్ని చేరవేసే బాధ్యత చివరికి రోగి మీదే పడుతుంది. ఆ సంగతి చాలామందికి నొప్పితో రిసెప్షన్ ముందు నిలబడినప్పుడు గాని అర్థం కాదు. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పనుల్లో సగానికి పైగా ఆరోగ్యం బాగున్న రోజుల్లోనే చేసి పెట్టుకోవలసినవి.

చేతిలో ఉన్న పాలసీ ఏమిటి?

ప్రయాణ బీమా వేరు, నివాసితుల ఆరోగ్య బీమా వేరు. షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల పరిమితితో తీసుకునే పాలసీ అత్యవసర చికిత్సకూ, అవసరమైతే స్వదేశానికి తరలించడానికీ ఉద్దేశించినది. నెలనెలా వాడే రక్తపోటు మందులకు గాని, ముందుగా నిర్ణయించుకున్న మోకాలి శస్త్రచికిత్సకు గాని దాని మీద ఆధారపడకూడదు. నివాస అనుమతితో వచ్చినవారి విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. నెదర్లాండ్స్‌లో స్థిరపడేవారు సాధారణంగా నాలుగు నెలల్లోగా అక్కడి ప్రాథమిక ఆరోగ్య బీమా తీసుకోవాలి. దుబాయ్‌లో 2013 నాటి 11వ నంబరు చట్టం ఉద్యోగికి బీమా కల్పించే బాధ్యతను యజమాని మీద పెట్టింది. బ్రిటన్‌లో వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జి చెల్లించినవారు ప్రభుత్వ వైద్య సేవలు వాడుకోవచ్చు గాని, ప్రైవేటు ఆసుపత్రి బిల్లును ఆ సర్‌చార్జి భరించదు. అమెరికాకు జె-1 వీసాపై (చదువు, పరిశోధన వంటి మార్పిడి కార్యక్రమాలకు ఇచ్చేది) వెళ్లేవారి పాలసీ ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల వరకు వర్తించాలని నిబంధన ఉంది. అయితే వీసా నిబంధన అడిగేది కనీస మొత్తాన్ని మాత్రమేననీ, దాన్ని తీర్చినంత మాత్రాన కుటుంబ అవసరాలు తీరినట్టు కాదనీ గుర్తుంచుకోవాలి.

ఉద్యోగం ద్వారా బీమా వచ్చినవారికి సాధారణంగా ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డుతో తృప్తి పడకుండా పూర్తి పాలసీ పత్రాన్నీ, ప్రయోజనాల పట్టికనూ, వర్తించని చికిత్సల జాబితానూ మానవ వనరుల విభాగం నుంచి అడిగి తీసుకోవాలి. ముందు వర్తించని వాటి జాబితా చదవడం మంచిది, ఎందుకంటే తరువాత వచ్చే వివాదాలు చాలావరకు అక్కడే ఉంటాయి. దంత వైద్యం, కళ్లద్దాలు, మానసిక వైద్యం, సంతాన సాఫల్య చికిత్స, ఆసుపత్రిలో చేరకుండా పొందే ఔట్‌పేషెంట్ సేవలు చాలా పాలసీల్లో విడిగా కొనవలసినవిగానో, తక్కువ పరిమితితోనో ఉంటాయి. ప్రసూతి ఖర్చులకు పది నుంచి పన్నెండు నెలల నిరీక్షణ కాలం పెట్టడం అంతర్జాతీయ పాలసీల్లో సర్వసాధారణం. అంటే గర్భం నిర్ధారణ అయిన తరువాత కొన్న పాలసీ ఆ కాన్పుకు అక్కరకు రాదు.

డబ్బు లెక్క ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పాలసీలో డిడక్టిబుల్ 500, కో-ఇన్సూరెన్స్ 20 శాతం, ఏడాదిలో మీరు భరించవలసిన గరిష్ఠ మొత్తం 2,000 అని ఉందనుకుందాం. గరిష్ఠ మొత్తంలో డిడక్టిబుల్ కూడా కలిసే ఉందనుకుందాం. ఆసుపత్రి బిల్లు 10,000 వచ్చింది. మొదటి 500 పూర్తిగా మీదే. మిగిలిన 9,500లో 20 శాతం, అంటే 1,900 కూడా మీ వాటాయే. రెండూ కలిపితే 2,400 అవుతుంది గాని, గరిష్ఠ పరిమితి ఉన్నందువల్ల మీరు 2,000 చెల్లిస్తే చాలు, ఆ ఏడాది తరువాతి బిల్లుల్లో వర్తించే ఖర్చంతా బీమా సంస్థదే. ఆ పరిమితి సాధారణంగా నెట్‌వర్క్ ఆసుపత్రులకూ (బీమా సంస్థతో ఒప్పందం ఉన్నవాటికి), పాలసీ అంగీకరించే ఖర్చులకూ మాత్రమే లెక్కకు వస్తుంది. ప్రీమియం తక్కువన్న ఒక్క కారణంతో పాలసీ ఎంచుకునేవారు ఈ మూడు అంకెలనూ పక్కపక్కన రాసుకుని, ఒక పెద్ద బిల్లు వస్తే తమ చేతి నుంచి ఎంత పోతుందో లెక్కవేసి చూడాలి.

ముందు నుంచీ ఉన్న జబ్బుల గురించి దాపరికం పనికిరాదు. మధుమేహాన్నో ఉబ్బసాన్నో దరఖాస్తులో రాయకుండా వదిలేస్తే ప్రీమియం కొంత తగ్గవచ్చు గాని, రేపు దానికి సంబంధం లేని క్లెయిమ్ వచ్చినప్పుడు కూడా పాత రికార్డులు తెప్పించి పాలసీనే రద్దుచేసే అవకాశాన్ని మనమే బీమా సంస్థకు ఇచ్చినట్టవుతుంది. కొన్ని పాలసీలు ఆరోగ్య ప్రశ్నలు అడగకుండానే చేర్చుకుని, గత కొన్నేళ్లలో లక్షణాలు కనబడిన జబ్బులకు నిర్ణీత కాలం పాటు, తరచుగా రెండేళ్లు, చెల్లింపును నిలిపి ఉంచుతాయి. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి అన్నీ ముందే చెప్పి, ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో రాతపూర్వకంగా పొందే పద్ధతే మేలని నా అభిప్రాయం.

వెంట ఉంచుకోవలసిన రికార్డులు

పాత డిశ్చార్జ్ సమ్మరీలు, ఇటీవలి రక్తపరీక్షలు, పిల్లల టీకాల పట్టిక, అలర్జీల వివరాలు ఒకచోట స్కాన్ చేసి పెట్టుకోవాలి. ఎమ్మారై, సీటీ స్కాన్‌ల విషయంలో రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా అసలు చిత్రాలను డైకామ్ రూపంలో (వైద్య చిత్రాలకు వాడే డిజిటల్ ఫైలు పద్ధతి) తీసుకోవాలి. కొత్త స్పెషలిస్టు వాటిని స్వయంగా చూడగలిగితే అదే పరీక్ష మళ్లీ చేయించుకునే అవసరం చాలాసార్లు తప్పుతుంది.

మందుల పేర్లు బ్రాండు పేర్లుగా కాక జెనెరిక్ పేర్లతో, మోతాదుతో సహా రాయించుకోవాలి. బ్రాండు పేరు దేశం మారితే మారిపోతుంది. కొన్ని జెనెరిక్ పేర్లూ అంతే: పారాసెటమాల్‌ను అమెరికాలో అసిటామినోఫెన్ అనీ, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్‌ను ఆల్బ్యుటరాల్ అనీ అంటారు. ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి మందుల మీద యూఏఈలో కఠినమైన నియంత్రణ ఉంది, ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళితే చట్టపరమైన చిక్కుల్లో పడవచ్చు. ఏకాగ్రత లోపానికి అమెరికాలో మామూలుగా రాసే ఆంఫిటమిన్ మందులను జపాన్‌లోకి వైద్యుడి చీటీ ఉన్నా అనుమతించరు. ప్రయాణానికి ముందే ఆ దేశపు రాయబార కార్యాలయం లేదా ఆరోగ్య శాఖ ప్రకటించిన నిబంధనలు చూసుకోవాలి.

స్పెషలిస్టు దగ్గరికి వెళ్లే దారి

కొన్ని దేశాల్లో స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్లడం కుదరదు. నెదర్లాండ్స్‌లో కుటుంబ వైద్యుడు రిఫరల్ రాయకపోతే, అత్యవసర సందర్భాల్లో తప్ప, స్పెషలిస్టు ఖర్చును బీమా భరించదు. బ్రిటన్‌లో ప్రైవేటు స్పెషలిస్టులూ, బీమా సంస్థలూ చాలావరకు రిఫరల్ లేఖ అడుగుతాయి. అందువల్ల ఇల్లు కుదిరిన వారంలోనే దగ్గరలోని కుటుంబ వైద్యుడి వద్ద నమోదు చేసుకోవాలి. జబ్బు పడిన తరువాత వెళితే కొత్త రోగులను చేర్చుకోవడం లేదన్న సమాధానం రావచ్చు. నేరుగా వెళ్లే వీలున్న చోట కూడా మొదట సాధారణ వైద్యుణ్ణి సంప్రదించడమే మంచిది. తల తిరుగుడుకు కారణం చెవిలో ఉండవచ్చు, నరాల్లో ఉండవచ్చు, గుండెలో ఉండవచ్చు, వాడుతున్న మందులోనే ఉండవచ్చు. రోగి తానే ఊహించుకుని ముగ్గురు స్పెషలిస్టుల చుట్టూ తిరిగితే ప్రతివారూ తమ తమ పరీక్షలు రాస్తారు, అన్నింటినీ కలిపి చూసేవారు మాత్రం ఉండరు.

వైద్యుడి అర్హతను ప్రకటనల ద్వారా కాక లైసెన్సు ఇచ్చే సంస్థ రిజిస్టరు ద్వారా సరిచూసుకోవాలి. బ్రిటన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరునూ, ఆస్ట్రేలియాలో వైద్య వృత్తుల నియంత్రణ చూసే ఆప్రా సంస్థ నిర్వహించే రిజిస్టరునూ ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఆ వైద్యుడికి స్పెషలిస్టుగా గుర్తింపు ఉందా, ఏవైనా ఆంక్షలు ఉన్నాయా అన్నవి అక్కడ కనబడతాయి. ఆసుపత్రికి జేసీఐ (జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే రోగి భద్రతకు సంబంధించిన పద్ధతులను బయటివారు పరిశీలించారని అర్థం. అది మంచి సూచనే గాని, ఫలానా సర్జన్ చేతి నైపుణ్యం గురించి అది ఏమీ చెప్పదు. సర్జన్‌నే మర్యాదగా అడగాలి: ఈ శస్త్రచికిత్స మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, చేయకపోతే ఏమవుతుంది, వేరే మార్గం ఉందా? ఈ ప్రశ్నలకు వైద్యుడు విసుక్కుంటే, మరొకరి దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవడానికి అంతకు మించిన కారణం అక్కరలేదు.

భాష రాని చోట స్నేహితులనో, బడికి వెళ్లే పిల్లలనో దుభాషిగా కూర్చోబెట్టకూడదు. పిల్లలు భయపడి సగం చెబుతారు, స్నేహితుల ముందు రోగి సగం దాచుకుంటాడు. అమెరికాలో ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగు దుభాషి కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

చేరే ముందు

ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన అక్కడ పనిచేసే ప్రతి వైద్యుడూ నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కాదు. మత్తు ఇచ్చే వైద్యుడు, పాథాలజీ ల్యాబు, స్కాన్ చదివే రేడియాలజిస్టు విడివిడిగా బిల్లు పంపే దేశాలు ఉన్నాయి. అమెరికాలో 2022 జనవరి నుంచి అమలులో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం అత్యవసర చికిత్సలోనూ, నెట్‌వర్క్ ఆసుపత్రిలో జరిగే చాలా చికిత్సల్లోనూ ఇటువంటి అనుకోని బిల్లుల నుంచి రక్షణ ఇస్తుంది. అయితే రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకు అది వర్తించదు. ఇటువంటి చట్టం లేని చోట బృందంలో ఎవరెవరు ఉంటారో ముందే అడిగి, ఒక్కొక్కరి పేరూ బీమా సంస్థ జాబితాలో చూసుకోవడం తప్ప దారి లేదు.

ముందుగా నిర్ణయించుకున్న చికిత్సకు ఆసుపత్రి నుంచి అంశాలవారీ ఖర్చు అంచనా తీసుకుని, దానితో బీమా సంస్థకు ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పెట్టించాలి. వచ్చిన అనుమతి ఏ చికిత్సకు, ఎన్ని రోజులకు, ఏ తరగతి గదికి, ఎంత మొత్తానికి అన్నది చదవాలి. వైద్య అవసరం ఉందని అంగీకరించడం ఒక మెట్టు, ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తామని హామీ లేఖ పంపడం మరో మెట్టు. రెండోది రాకపోతే ఆసుపత్రి డిపాజిట్ అడుగుతుంది. ఫోనులో సరేనన్నారని వెళ్లిపోకుండా రిఫరెన్సు నంబరు, మాట్లాడినవారి పేరు, తేదీ రాసుకుని, అదే విషయాన్ని ఈమెయిల్‌లో ధ్రువీకరించమని అడగాలి.

ఛాతీలో బిగింపు, మాట తడబడడం, ఒక చేయి పట్టు తప్పడం, ఊపిరి అందకపోవడం, ఆగని రక్తస్రావం వంటి సందర్భాల్లో పై మాటలన్నీ పక్కన పెట్టాలి. అనుమతి కోసం, నెట్‌వర్క్ కోసం ఒక్క నిమిషమైనా ఆగకుండా అంబులెన్సును పిలవాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, యూఏఈలో 998, జపాన్‌లో 119. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరిన 24 లేదా 48 గంటల్లోగా సమాచారం ఇమ్మని మాత్రమే కోరుతాయి, ఆ పని కుటుంబ సభ్యులు చేయవచ్చు. అందుకే బీమా కార్డు ఫొటో, పాలసీ నంబరు ఇంట్లో మరొకరి ఫోనులో కూడా ఉండాలి.

క్లెయిమ్, తిరస్కరణ

బీమా సంస్థ రోగి కథను చదవదు, జబ్బు కోడును చదువుతుంది. జబ్బులకు కోడులిచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-10 పద్ధతిలో ఛాతీ నొప్పికి ఆర్07, సాధారణ ఆరోగ్య పరీక్షకు జెడ్00 అనే కోడులు ఉన్నాయి. ఛాతీ నొప్పితో వెళ్లిన రోగి కాగితం మీద పొరపాటున రెండోది పడితే, మాస్టర్ చెకప్‌లు వర్తించని పాలసీ ఆ బిల్లును తిప్పి పంపుతుంది. అలా జరిగినప్పుడు బీమా సంస్థతో వాదించేకన్నా ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి వెళ్లి, వైద్యుడి నోట్సు చూపి, కోడు సరిచేయించి మళ్లీ పంపించడం త్వరగా ఫలిస్తుంది. ఖర్చు మనమే పెట్టుకుని తరువాత రాబట్టుకునే పద్ధతిలోనైతే అంశాలవారీ బిల్లు, చెల్లింపు రసీదు, ప్రిస్క్రిప్షన్, రిఫరల్, పరీక్షల ఫలితాలు ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే అడిగి తీసుకోవాలి. గడువు దాటిన క్లెయిమ్‌ను పరిశీలించకుండానే పక్కన పెట్టవచ్చు కనుక ఆ తేదీని క్యాలెండరులో రాసుకోవాలి.

తిరస్కరణ లేఖ వస్తే పాలసీలోని ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా అడగాలి. చికిత్స చేసిన వైద్యుడి చేత ఆ నిబంధనకే సమాధానంగా ఒక లేఖ రాయించి అప్పీలు చేయాలి. ఎంత బాధపడ్డామో చెప్పే పది పేజీల కంటే, ఆ చికిత్స ఎందుకు అవసరమైందో చెప్పే ఒక్క పేజీ బలంగా పనిచేస్తుంది. సంస్థలోపలి అప్పీలు ఫలించకపోతే బయటి వ్యవస్థలు ఉన్నాయి. బ్రిటన్‌లో సంస్థ తుది సమాధానం వచ్చిన ఆరు నెలల్లోగా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అమెరికాలో చాలా పాలసీలకు, వైద్య అవసరం గురించిన వివాదమైతే, తుది తిరస్కరణ అందిన నాలుగు నెలల్లోగా స్వతంత్ర సమీక్ష కోరవచ్చు. మొదటి తిరస్కరణతోనే ఆశ వదులుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే సరైన కాగితం జతచేస్తే మారే నిర్ణయాలు చాలా ఉంటాయి.

ఉద్యోగం మారినా, దేశం విడిచినా

ఉద్యోగంతో వచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది. రాజీనామా తేదీకీ కొత్త బీమా మొదలయ్యే తేదీకీ మధ్య ఖాళీ లేకుండా చూసుకోవాలి. అమెరికాలో ఇరవై మంది కంటే తక్కువ ఉద్యోగులున్న చిన్న సంస్థలను మినహాయిస్తే, కోబ్రా చట్టం కింద పూర్తి ప్రీమియం మనమే కట్టుకుని సాధారణంగా 18 నెలల వరకు పాత బీమాను కొనసాగించవచ్చు. దాన్ని ఎంచుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. పుట్టిన బిడ్డను పాలసీలో చేర్చడానికీ ఇటువంటి గడువే ఉంటుంది, ఉద్యోగ బీమాల్లో అది తరచుగా 30 రోజులే.

స్వదేశానికి తరలింపు అనే అంశాన్ని చాలామంది అపార్థం చేసుకుంటారు. ఎక్కువ పాలసీల్లో వైద్య తరలింపు అంటే తగిన చికిత్స దొరికే అతి దగ్గరి ఆసుపత్రికి చేర్చడమే, అది సొంత ఊరు కానక్కరలేదు. మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు విడి అంశంగా ఉంటుంది. ఆ మాట ఎత్తడానికి మనసు ఒప్పకపోయినా, ఆ అంశం పాలసీలో ఉందో లేదో చూసి, జీవిత భాగస్వామికి తెలియజేయాలి. దేశం విడిచేటప్పుడు నివాస గుర్తింపు కార్డు చెల్లుబాటులో ఉండగానే ప్రతి ఆసుపత్రి నుంచీ పూర్తి రికార్డులు, స్కాన్ చిత్రాలు తీసుకోవాలి. బీమా సంస్థ నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు బీమా కొనసాగిందో తెలిపే ధ్రువపత్రం కూడా అడగాలి. కొత్త దేశంలోని బీమా సంస్థ నిరీక్షణ కాలాన్ని తగ్గించడానికి అంగీకరిస్తే, ముందుగా అడిగేది ఆ పత్రాన్నే.