పంటి ఇంప్లాంట్ మెడ దగ్గర బొక్క కరగకుండా: సైజు, మర, క్యాప్ ఎట్లా ఎంచుకోవాలి

పొలం గట్టున పాతిన కడీని పైన పట్టుకుని ఊపితే ముందు వదులయ్యేది నేల మొదట్లోని మన్ను. అడుగున ఉన్న మన్ను కదలదు. పోయిన పంటి చోట దవడలో దించే టైటానియం మర మేకు, అంటే ఇంప్లాంటుదీ అదే తీరు. అసలు పంటి వేరు చుట్టూ మెత్తటి లిగమెంట్ పొర ఉంటుంది, ఇంప్లాంటుకు అది లేదు. టైటానియం బొక్క కన్నా ఎన్నో రెట్లు బిరుసు. అందుకే నమిలే బలం ఎక్కువగా మెడ (ఇంప్లాంట్ పై భాగం) చుట్టూ ఉన్న బొక్క గట్టి పొర మీదే పడుతుంది.

కాబట్టి పొడవు కన్నా ముందు లావు చూడండి. పొడవును 10 నుంచి 13 మి.మీ.కు పెంచితే మెడ దగ్గర ఒత్తిడి కొంచెమే తగ్గుతుంది, కింది దవడలోని నరానికి వదలాల్సిన 2 మి.మీ. జాగా మాత్రం పోవచ్చు. 4 బదులు 5 మి.మీ. లావు వేస్తే తేడా బాగా ఉంటుంది. అయితే అటూ ఇటూ 1.5 మి.మీ. బొక్క మిగలాలి. అంటే దవడ బొక్క గట్టు వెడల్పు 8 మి.మీ. ఉంటేనే 5 వేయండి.

పైదవడ వెనక బొక్క మెత్తన. అక్కడ లోతైన మరలున్నది వాడాలి. చదరపు మర బలాన్ని నొక్కుడుగా దించుతుంది. వి ఆకారపు మరతో కోత బలం (బొక్కను పక్కకు జారించే బలం) పెరుగుతుంది, బొక్క తట్టుకోలేనిదే అది. నునుపు మెడను బొక్కలోకి దించొద్దు, దించితే మొదటి మర దాకా కరిగిపోతుంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల బొక్క ఎక్స్‌రేలో దిట్టంగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. దిట్టమైన బొక్కలో డ్రిల్ తొందరగా వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం ఉన్నా బొక్క దెబ్బతింటుంది. సెలైన్ ధార ఆపకుండా, ఆగి ఆగి కొట్టండి. ఇంప్లాంట్ దించేటప్పుడు బిగింపు 35 న్యూటన్ సెంటీమీటర్లు చాలు. 50 దాటుతుంటే వెనక్కి తిప్పి, ట్యాప్‌తో మర కోసి మళ్లీ దించండి.

ఇంప్లాంట్ ఎంత మంచిదైనా పైన తొడిగే పంటి క్యాప్ సరిగ్గా లేకపోతే అంతా పోయినట్టే. పక్కబలం 100 న్యూటన్లు అనుకోండి. బొక్క నుంచి 6 మి.మీ. ఎత్తులో పడితే ఎంత వంచుతుందో, 12 మి.మీ. ఎత్తులో పడితే దానికి రెండింతలు వంచుతుంది. క్యాప్ నమిలే ముఖాన్ని సన్నగా, మొనలను చదునుగా చేయించండి. 8 మైక్రాన్ల షిమ్ రేకు (కాటు చూసే పల్చటి రేకు) పండ్ల మధ్య పెట్టి చూడండి: మెల్లగా కొరికితే జారాలి, గట్టిగా కొరికితేనే పట్టాలి. రాత్రి నిద్రలో పండ్లు కొరుకుతారా, జొన్నరొట్టె ఒక్క పక్కనే నములుతారా, మటన్ బొక్కలు పగలగొడతారా అని ముందే అడగండి.

క్యాప్‌ను పట్టి ఉంచే స్క్రూ మాటిమాటికీ వదులైతే మళ్లీ బిగించి పంపొద్దు. బలం ఎక్కువ పడుతోందని అదే మొదటి గుర్తు. క్యాప్ తీసి, కాటు సరిచేసి, ఎక్స్‌రేలో మెడ దగ్గర బొక్క ఎంత మిగిలిందో చూశాకే బిగించండి.