చిన్న రీఫ్ ట్యాంక్‌లో హైడ్రాయిడ్లు: గోకే ముందు రంగు చూడండి

లక్షణం: రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడపు జీవులను పెంచే ఉప్పునీటి ట్యాంక్)లో జొయాంథిడ్లు అనే మెత్తని కోరల్స్ రోజుల తరబడి ముడుచుకునే ఉంటాయి. లవణీయత, ఆల్కలినిటీ, నైట్రేట్ పరీక్షిస్తే అన్నీ సరిగానే వస్తాయి. ఆ పక్క రాయి మీద తెల్లటి లేదా గోధుమ రంగు నూగు. ఫోన్ టార్చి వేసి భూతద్దంతో చూస్తే సన్నని కాడల చివర చిన్న చిన్న పువ్వులు.

కారణం: హైడ్రాయిడ్లు కోరల్స్ బంధువులే, కుట్టే కణాలున్న జీవులు. పొరుగున ఉన్న కోరల్‌ను కుట్టి జాగా సంపాదిస్తాయి. ఒక్కో పాలిప్ (పువ్వులా కనిపించే జీవి) మిల్లీమీటర్లలోనే ఉన్నా, వందల పాలిప్‌లు రాతికి అంటుకుని పాకే సన్నని వేరుతీగతో కలిసి ఉంటాయి. అసలు గుట్టంతా ఆ తీగలోనే.

అది హైడ్రాయిడేనా?

ఐప్టేసియా అనే కలుపు ఎనిమోన్ అయితే ఒంటి పాలిప్, మధ్యలో చిన్న పళ్ళెం లాంటి వెడల్పు భాగం. తాకగానే చటుక్కున రంధ్రంలోకి పోతుంది. గట్టి సున్నపు గొట్టం నుంచి సాలెగూడు లాంటి జిగురు దారాలు వస్తుంటే అది వెర్మెటిడ్ నత్త. ఈకల కిరీటం నీడ పడగానే మాయమైతే ఫెదర్ డస్టర్ పురుగు, దాన్ని వదిలేయండి. హైడ్రాయిడ్‌ను టూత్‌పిక్‌తో తాకితే తీరిగ్గా ముడుచుకుంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు.

అందరూ చేసే పొరపాటు

ట్యాంక్‌లోనే బ్రష్‌తో గోకడం. పాలిప్‌లు రాలిపోయి రాయి శుభ్రంగా కనిపిస్తుంది. కానీ వేరుతీగ రాతి గుంటల్లో మిగిలిపోతుంది, తెగిన ముక్కలు పంపు నీటితో పాటు వేరే రాళ్ళకు చేరతాయి. ఉన్నది ఒక రాయి మీదే అయినా రెండు వారాల్లో మూడు రాళ్ళ మీద కనిపిస్తుంది.

తెల్లవి: తిండి వల్ల పెరిగేవి

రంగు లేనివి నీటిలో తేలే సూక్ష్మాహారం పట్టుకుని బతుకుతాయి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (బుల్లి ఉప్పునీటి రొయ్యలు), రోటిఫర్లు (కంటికి ఆననంత చిన్న జీవులు), కోరల్ పొడి ఆహారం వేసే ట్యాంక్‌లలో ఇవి విజృంభించేది అందుకే. ఆ మూడూ 4 నుంచి 6 వారాలు పూర్తిగా ఆపండి. చేపలకు గడ్డకట్టించి అమ్మే మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) లాంటి పెద్ద ముక్కలే వేయండి, అదీ ఉప్పునీటిలో జల్లించి, కరిగిన రసం పారబోసి. ఫిల్టర్ దూదిని 2, 3 రోజులకోసారి మార్చండి. సన్ కోరల్ లాంటి తిండిపోతు ఉంటే దానికి విడిగా గిన్నెలో తినిపించండి.

గాజు మీద పాకే బొట్టంత జెల్లీలు కూడా హైడ్రాయిడ్ బంధువులే. వాటికీ ఇదే వైద్యం. దీపాలు ఆరాక సన్నటి ఎయిర్ పైపుతో పీల్చి తీసేస్తే ఇంకా త్వరగా తగ్గుతాయి.

గోధుమ రంగువి: వెలుతురుతో బతికేవి

అసలు తలనొప్పి వీటితోనే. మైరియోనెమా లాంటి హైడ్రాయిడ్ రకాలు తమలో పెంచుకున్న నాచుతో వెలుతురు నుంచే శక్తి తీసుకుంటాయి, కాబట్టి తిండి మానేస్తే లొంగవు. మూడు రోజులు దీపాలార్పడం లాంటి చిట్కాలతో ఇబ్బంది పడేది మీ కోరల్సే. పెప్పర్‌మింట్ రొయ్యను నమ్ముకోవడం కూడా వృథా, దాని పని ఐప్టేసియా వరకే.

గుంపు రూపాయి బిళ్ళంత ఉంటే: రాయిని బయటకు తీసి, ఆ చోటు టిష్యూతో అద్ది ఆరబెట్టి, సూపర్‌గ్లూ జెల్‌తో కప్పండి. నీళ్ళలా కారే జిగురు పనికిరాదు. గుంపు అంచు దాటి కనీసం అర సెంటీమీటరు వరకు పూయాలి; వేరుతీగ కంటికి కనిపించేదానికన్నా ముందుకు పాకి ఉంటుంది. వారానికోసారి అంచులు చూడండి, మొలక కనిపిస్తే మళ్ళీ పూయండి.

రాయి నిండా ఉంటే: కోరల్స్‌ను వేరు చేసి, రాయిని కొన్ని వారాలు ఎండలో ఆరబెట్టండి. తిరిగి పెట్టే ముందు వేరే బకెట్ ఉప్పునీటిలో అమ్మోనియా సున్నాకు వచ్చేదాకా ఉంచాలి. చిన్న ట్యాంక్‌లో అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది రాళ్ళలోనే, అందుకే ఒకేసారి మూడో వంతుకు మించి తీయకండి. జొయాంథిడ్లు, వాటి బంధువైన పాలిథోవా ఉన్న రాయిని ఎట్టి పరిస్థితిలోనూ మరిగించవద్దు, పొడిగా గీకవద్దు. వాటిలోని పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో, తుంపరలతో మనుషులనే ఆసుపత్రి పాలు చేస్తుంది. గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.

ఆఖరి దారి: ఫెన్‌బెండజోల్

ఇది పశువులకు వేసే నులిపురుగుల మందు. సీహార్స్ పెంచేవాళ్ళు వాడే కొలత: 22.2 శాతం పనాకూర్ (ఈ మందు బ్రాండు పేరు) గుళికలు 38 లీటర్లకు 1/8 టీస్పూన్. పశువుల మందుల షాపులో దొరికే బిళ్ళల బలం వేరు, ఈ చెంచా లెక్క వాటికి పనికిరాదు. 45×30×30 సెంటీమీటర్ల ట్యాంక్‌కు లెక్క 40 లీటర్లు వస్తుంది. ఇసుక, రాళ్ళు పోను నీళ్ళు అంతకన్నా బాగా తక్కువ. ఉన్న నీటికే మందు లెక్కించండి.

మందు నీటిలో సరిగా కరగదు. మెత్తగా నూరి, ట్యాంక్ నీటితో సీసాలో బాగా గిలకరించి పోయాలి. కార్బన్ (మందును పీల్చేసే ఫిల్టర్ బొగ్గు), స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) ఆపాలి. చేపలు, రొయ్యలు సాధారణంగా తట్టుకుంటాయి. చాలా రకాల నత్తలు, ఫెదర్ డస్టర్లు, మెత్తని కోరల్స్‌లో గోర్గోనియన్లు, జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్‌లు తట్టుకోవు. వీలైతే ముందే వాటిని వేరే ట్యాంక్‌కు మార్చేయండి. ఇసుకలోని ముళ్ళపురుగులు చచ్చి అమ్మోనియా పెరుగుతుంది, అందుకని రోజూ పరీక్షించి, మార్చడానికి ఉప్పునీరు కలిపి సిద్ధంగా పెట్టుకోండి.

హైడ్రాయిడ్లు పోయాక నీరు మార్చి కార్బన్ పెట్టినా, రాళ్ళు పీల్చుకున్న మందు నెలల తరబడి మిగలొచ్చు. నత్తలన్నిటినీ ఒకేసారి తిరిగి వేయకండి. ముందు ఒక్కదాన్ని వేసి రెండు వారాలు గమనించండి. అది గాజు మీద పాకుతూ మేస్తుంటే మిగతావి వేయొచ్చు, అడుగున వెల్లకిలా పడి ఉంటే కార్బన్ మార్చి ఇంకో నెల ఆగాలి.