డాలస్ పరిసరాలకు కొత్తగా వచ్చినవారికి: తక్కువ ఖర్చులో అన్నింటికీ పనికొచ్చే గాలం

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారికి చేపల వేటకు అనువైన నీళ్లు దూరంలో ఏమీ లేవు. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, రే హబ్బర్డ్ జలాశయాలు నగరాన్ని ఆనుకునే ఉన్నాయి. వాటికి తోడు మునిసిపల్ పార్కుల్లోని చిన్న చెరువులు చాలా ఉన్నాయి. చిక్కంతా దుకాణంలో మొదలవుతుంది. ఒక గోడ పొడవునా నిలబెట్టిన రాడ్లను, అంటే గాలపు కర్రలను చూసి, ఏది దేనికో తెలియక, కొందరు అన్నింటికన్నా చవకైనది కొని నెలలోపే విరగ్గొట్టుకుంటారు. మరికొందరు అమ్మకందారు మాట విని రెండు వందల డాలర్లు వదిలించుకుంటారు. ఒడ్డున నిలబడి వేటాడదలచిన కొత్తవారికి రాడ్, గాలపు దారం చుట్టుకునే రీల్ కలిపి 50, 60 డాలర్లకు మించి ఖర్చు పెట్టవలసిన అవసరం లేదన్నది నా అభిప్రాయం.

అసలు కొనేముందు అరువు తెచ్చుకుని చూడవచ్చు. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ అనేక స్టేట్ పార్కుల్లోనూ, మరికొన్ని కేంద్రాల్లోనూ రాడ్లను, రీళ్లను, చిన్న సామగ్రిని ఏడు రోజుల వరకు ఉచితంగా ఇస్తుంది. పైగా స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి గాలం వేయడానికి లైసెన్సు కూడా అక్కరలేదు. ప్రవేశ రుసుము చెల్లిస్తే చాలు. ఈ సరదా మనకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

సరిపడుతుందని తేలాక కొనవలసినది స్పిన్నింగ్ కాంబో, అంటే రాడ్, రీల్ కలిపి అమ్మే జతల్లో రాడ్‌కు కింది వైపున రీల్ వేలాడే రకం. రీల్ పైవైపున ఉండే బెయిట్‌కాస్టర్ చూడడానికి ఠీవిగా ఉన్నా, విసిరేటప్పుడు బొటనవేలితో దాని చుట్టను అదుపు చేయడం రాకపోతే లైన్, అంటే గాలపు దారం చిక్కుపడి, గంటసేపు ఆ ముడులు విప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది. దాని జోలికి రెండో సంవత్సరంలో వెళ్లవచ్చు.

పిడికి కాస్త పైన, రాడ్ మీద సన్నని అక్షరాలతో ఒక పంక్తి ముద్రించి ఉంటుంది. ధర చీటీ కన్నా ముందు దాన్ని చదవాలి. పొడవు ఆరున్నర అడుగులు లేదా ఏడు అడుగులు, రాడ్ బలం మీడియం, దానికి తగిన లైన్ బలం 6 నుంచి 14 పౌండ్ల మధ్య, విసరగల బరువు ఔన్సులో ఎనిమిదో వంతు నుంచి ఐదు ఎనిమిదో వంతుల వరకు, లేదా వీటికి దగ్గరగా ఉంటే అది మనకు కావలసినదే. అలాంటి రాడ్ అరచేయంత సన్‌ఫిష్ ఎరను కొరికినా ఆ కదలికను చేతికి తెలియజేస్తుంది. ఐదారు పౌండ్ల క్యాట్‌ఫిష్ పడినా తట్టుకుంటుంది. అల్ట్రాలైట్ అని ఉన్నది పెద్ద చేపకు లొంగిపోతుంది, హెవీ అని ఉన్నదానితో చిన్న ఎరను దూరం విసరలేము. నలభై పౌండ్ల బ్లూ క్యాట్‌ఫిష్ మీదో, గాల్వెస్టన్ సముద్రపు అలల మీదో మనసు పడినవారికి ఇది చాలదు. దానికి వేరే రాడ్ కావలసిందే.

ఈ ధరలో కొత్తవారికి నేను ముందుగా సూచించేది షేక్‌స్పియర్ సంస్థ 1976లో మొదలుపెట్టిన అగ్లీ స్టిక్ వరుసలోని జీఎక్స్2. గ్రాఫైట్, ఫైబర్‌గ్లాస్ కలిపి చేయడం వల్ల పూర్తి గ్రాఫైట్ రాడ్ల కన్నా కాస్త బరువుగా ఉంటుంది గానీ, అంత తేలికగా విరగదు. కొత్త చేతికి సున్నితత్వం కన్నా మొండితనమే ఎక్కువ పనికొస్తుంది. కారు డిక్కీలో పట్టేలా రెండు ముక్కలుగా విడదీయగలిగేదే తీసుకోవాలి.

ఏ కంపెనీదైనా దుకాణంలోనే విప్పి చూడమని అడగడానికి మొహమాటపడకూడదు. రెండు ముక్కలను కలిపి పిడి పట్టుకుని ఊపినప్పుడు అతుకు దగ్గర టకటకమనకూడదు. లైన్ వెళ్లే వలయాలన్నీ పిడి వైపు నుంచి చూస్తే ఒకే వరుసలో ఉండాలి. వాటి లోపలి అంచులకు చిన్న దూది పింజను రాసి చూస్తే, ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు, అది రేపు లైన్‌ను కోసేస్తుంది. రీల్ పరిమాణాన్ని చెప్పే అంకె 2500 లేదా 3000 ఉండాలి.

కాంబోతో పాటు రీల్‌కు చుట్టి ఇచ్చే లైన్ చాలా కాలం చుట్టుకునే ఉండి స్ప్రింగులా మెలికలు తిరుగుతుంది. దాన్ని తీసివేసి, 8 పౌండ్ల మోనోఫిలమెంట్ (ఒంటిపోగు) లైన్ కొని, చుట్ట అంచుకు అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ ఉండేలా నింపుకోవాలి. నిండుగా చుడితే లైన్ ఉచ్చులు ఉచ్చులుగా ఊడివస్తుంది, తక్కువ చుడితే దూరం పోదు. విసిరిన తరువాత బెయిల్ అనే తీగను రీల్ పిడి తిప్పి కాక చేత్తో మూస్తే మెలికలు తగ్గుతాయి.

చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొంత వదిలేదే డ్రాగ్. దాన్ని ఎంత బిగించాలో తేల్చడానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది: నీళ్లు నిండిన లీటరు సీసాను లైన్ చివర కట్టి రాడ్‌ను మెల్లగా పైకెత్తాలి. సీసా నేలను వదిలే సమయానికి రీల్ కిర్రుమంటూ లైన్ వదలడం మొదలుపెడితే, బిగింపు సరిగా ఉన్నట్టే. లీటరు నీళ్ల బరువు దాదాపు 2.2 పౌండ్లు, అంటే 8 పౌండ్ల లైన్ బలంలో సుమారు నాలుగో వంతు.

మిగతా సామగ్రికి పది డాలర్లు చాలు: 4, 6 సైజు కొక్కేలు, కొన్ని సీసపు గుండ్లు, రెండు బెండ్లు. లైన్ చివరను కొక్కెం కన్నులోంచి దూర్చి, అదే లైన్ చుట్టూ ఐదుసార్లు తిప్పి, కన్ను పక్కనున్న చిన్న ఉచ్చులోంచి, మళ్లీ అప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి చివరను లాగి, ఉమ్మితో తడిపి బిగిస్తే జారని ముడి పడుతుంది. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి లైన్ అక్కడే బలహీనపడుతుంది. వానపాము ముక్కకు సన్‌ఫిష్, కోడి కాలేజానికి మన జెల్లల జాతిదే అయిన ఛానల్ క్యాట్‌ఫిష్, స్వీట్‌కార్న్ గింజలకు మన చెరువుల్లో బంగారుతీగ అని పిలిచే కార్ప్ పడతాయి.

స్టేట్ పార్కు బయట 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా వరుసగా నివసించినవారు స్థానికుల కిందకు వస్తారు. వారికి మంచినీటి లైసెన్సు దాదాపు 30 డాలర్లు. అది ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది గనుక, జూలైలో వచ్చినవారు ఏడాదిదానికి బదులు ఒక్కరోజు లైసెన్సుతో సరిపెట్టుకుని సెప్టెంబరులో కొనుక్కోవడం మేలు. ఊరి నుంచి చూడడానికి వచ్చిన అమ్మానాన్నలు కూడా గాలం పట్టుకోదలిస్తే, వారు స్థానికులు కారు కాబట్టి, వారికి నాన్‌రెసిడెంట్ లైసెన్సు తీసుకోవాలి.

లార్జ్‌మౌత్ బాస్ అనే చేప సాధారణంగా 14 అంగుళాలకు తగ్గితే తిరిగి నీటిలో వదలాలి, రోజుకు ఐదుకు మించి ఉంచుకోకూడదు. కొన్ని జలాశయాలకు ప్రత్యేక నిబంధనలు ఉన్నందున వెళ్లేముందు ఆ చెరువు పేరుతో శాఖ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఊరి పరిధిలోని చిన్న కమ్యూనిటీ చెరువుల్లో మనిషికి రెండు గాలాలే అనుమతిస్తారు, క్యాట్‌ఫిష్ రోజుకు ఐదే. గోదావరి జిల్లాల్లో విసురువల అలవాటున్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఇక్కడ బాస్, క్రాపీ, క్యాట్‌ఫిష్ వంటి గేమ్ ఫిష్‌ను వలతో పట్టడం నేరం.

చిన్నపిల్లల కోసం బొమ్మలు అతికించిన ప్లాస్టిక్ రాడ్లు కొనడం దండగ. బొత్తాం నొక్కి వదిలితే లైన్ పోయే జెబ్కో 33 రకం రీల్ ఉన్న పొట్టి రాడ్ ఆరేళ్లవారికి కూడా పది నిమిషాల్లో పట్టుబడుతుంది, ధరా తక్కువే.

రాడ్లు చేపల వల్ల విరగడం కన్నా కారు తలుపుల మధ్య, ఇంట్లో ఫ్యాను రెక్కల కింద విరగడమే ఎక్కువ. ఒడ్డు దాకా వచ్చిన చేపను రాడ్‌ను నిటారుగా ఎత్తి గాలిలోకి లేపినా కొస విరుగుతుంది. రాడ్‌ను పక్కకు వంచి చేపను ఒడ్డుకు జార్చాలి, లేదా చేతి వలతో ఎత్తాలి. ఇంటికి రాగానే ముక్కలు విడదీసి తుడిచి, డ్రాగ్ వదులు చేసి, గదిలో నిలబెట్టాలి. టెక్సాస్ వేసవిలో కారులోనే వదిలేస్తే ఆ వేడికి లైన్ పెళుసుబారుతుంది గనుక, ఎలాగూ ప్రతి వసంతంలో కొత్త లైన్ చుట్టుకోవడం మంచిది.