వేసవిలో కుక్క కంటికి పొర గ్రాఫ్ట్: ముందే చూసుకోవాల్సినవి

ఎండ, దుమ్ము ఒక్కసారే మొదలయ్యే మార్చి చివర నుంచి హైదరాబాద్‌లో పగ్‌లకు, షీట్జూలకు కంటి గండం. ఉబ్బుగుడ్లు, నిద్రలోనూ పూర్తిగా మూతపడని రెప్పలు, పైగా వీటి కార్నియాకు, అంటే నల్లగుడ్డును కప్పే పారదర్శక పొరకు, స్పర్శ తక్కువ. అందుకే పుండు లోతుకు దిగేదాకా కొన్ని కుక్కలు నొప్పి బయటపెట్టవు. కన్ను చికిలిస్తున్నా, పుసి కారుతున్నా, నల్లగుడ్డు మీద నీలిమబ్బు కనిపించినా అదే రోజు చూపించండి. ఆలస్యమై పుండు లోతైతే దాని మీద పొర కుట్టే సర్జరీ, అంటే గ్రాఫ్ట్, అవసరం పడొచ్చు. స్కూటీ ముందు నిలబెట్టి గాలికి తిప్పడం, ఎయిర్ కూలర్ ఎదురుగా పడుకోబెట్టడం ఈ జాతులకు అసలు కూడదు.

మొదటి పొరపాటు తరచూ మెడికల్ షాపులోనే జరుగుతుంది. కన్ను ఎర్రబడిందనగానే ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. సీసా మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్ అని ఉన్నా, యాంటీబయాటిక్ పేరుకు ‘డి’ అనో ‘డెక్స్’ అనో తోక ఉన్నా, డాక్టరు చూడకముందు వేయొద్దు. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే గాయం మానడం నెమ్మదిస్తుంది, కార్నియాను గట్టిగా నిలిపే కొల్లాజెన్ ప్రొటీన్‌ను తినేసే ఎంజైములు రెచ్చిపోతాయి. సూడోమోనాస్ బాక్టీరియా తోడైతే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా జావ అయిపోవచ్చు. దాని మందం అసలే అర మిల్లీమీటరుకు కాస్త పైన.

పైపై గీత సాధారణంగా వారంలో మానుతుంది. మానకపోతే గ్రాఫ్ట్ మాట ఎత్తేముందు కారణం వెతికించండి. రెప్ప లోపల మొలిచిన వెంట్రుకో, కంటి లోపలి మూలలో ఉండే మూడో రెప్ప వెనక దాగిన గడ్డిపరకో ఉండొచ్చు. కన్నీటిని కొలిచే షిర్మర్ కాగితం నిమిషంలో 15 మిల్లీమీటర్లకు పైగా తడవాలి; 10 దాటకపోతే కన్ను ఎండిపోతున్నట్టే. ఎండిన కంటి మీద ఎంత మంచి పొర కుట్టినా నిలవదు. పుండును బయటపెట్టే ఫ్లోరెసిన్ రంగు వేసినప్పుడు పుండు అంచు పచ్చగా మెరిసి, నడిమధ్య మాత్రం రంగు పట్టకుండా నల్లగా కనిపిస్తే మానిందని సంతోషించకండి. చివరి పలుచటి పొర, డెసిమెట్, బయటపడిందని అర్థం. ఆ కన్ను ఏ క్షణంలోనైనా చిట్లవచ్చు. వెంటనే మెడపట్టీ తీసి ఛాతీ పట్టీ వేయండి. మెడ బిగిస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

పుండు కార్నియా మందంలో సగం దాటితే సర్జరీ ఆలోచన వస్తుంది. నిల్వచేసిన పొరల్లో ప్రధానమైనవి మాయ నుంచి తీసిన ఆమ్నియోటిక్ పొర, పంది చిన్నపేగు నుంచి తయారైన పొర, గ్లిజరాల్‌లోనో ఫ్రీజర్‌లోనో ఉంచిన కార్నియా ముక్క. ఆమ్నియోటిక్ పొర వాపును, మచ్చను తగ్గిస్తుంది. అయితే ఇవేవీ సొంత రక్తనాళాలతో రావు. బాగా కరుగుతున్న కంటికి, అదే కంటి తెల్లభాగం మీది పలుచటి పొరను (కంజంక్టైవాను) తిప్పి కుట్టే గ్రాఫ్టే ఎక్కువసార్లు భరోసా. మచ్చ పెద్దదే, కానీ కన్ను దక్కుతుంది. కరుగుతున్న పుండును మూడో రెప్పతో కప్పి కుట్టేయడం మాత్రం ఒప్పుకోవద్దు. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు.

డాక్టరును మొహమాటపడకుండా అడగండి: పొర ఎక్కడిది, ఏ తేదీది, ఎక్కడ నిల్వ ఉంది? ఘనీభవింపజేసిన ఆమ్నియోటిక్ పొర సాధారణంగా మైనస్ 80 డిగ్రీల్లో ఉంటుంది. మామూలు ఫ్రిజ్ పైఅర దానికి చాలదు. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయినప్పుడు బ్యాకప్ ఉందా అన్నది కూడా అడగాల్సిందే. ఒకసారి కరిగిన పొరను మళ్ళీ గడ్డకట్టించకూడదు. కుట్టేముందు గ్లిజరాల్ పోయేలా స్టెరైల్ సెలైన్‌లో పలుమార్లు కడగాలి. ఆమ్నియోటిక్ పొరకు రెండు ముఖాలు. పొడి స్పాంజి తాకిస్తే జిగురు తీగలా సాగే వైపు స్ట్రోమా, అంటే పొర అడుగు కణజాలం. సాధారణంగా దాన్నే పుండుకు ఆనిస్తారు. ముందుగా కరిగిన కణజాలమంతా గీకేయాలి, లేదంటే కుట్లు కుళ్ళిన అంచులో పడి జారిపోతాయి. పొరను గాయం కంటే సుమారు ఒక మిల్లీమీటరు పెద్దగా కత్తిరించి, 8-0 నుంచి 10-0 సైజు అతి సన్నని దారంతో, ఆపరేటింగ్ మైక్రోస్కోప్ కింద కుట్టాలి. మైక్రోస్కోప్ లేని చోట ఈ పని వద్దు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలోనో, కంటి సర్జరీలు చేసే క్లినిక్‌లోనో ముందే వాకబు చేసి పెట్టుకోండి.

పొట్టి ముక్కు కుక్కలకు మత్తు, ఎండ రెండూ గండాలే. ఉదయం తొలి స్లాట్ అడగండి, ఏసీ కారులో తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక, కంటిని గోకకుండా మెడకు గరాటులా తొడిగే ఈ-కాలర్ ముక్కు కొనను దాటి రెండు వేళ్ళ వెడల్పు బయటికి ఉండాలి. “పాపం, తిననీ” అని తీసిన ఐదు నిమిషాల్లోనే కాలి గోరు కుట్టును లాగేస్తుంది. కాలర్ తొడిగితే వేడి బయటికి పోదు, కాబట్టి గది చల్లగా ఉంచండి. నీళ్ళగిన్నె లోతు తక్కువగా, కాలర్ అంచులోపల పట్టేలా ఉండాలి. ఒక మందు చుక్కకూ మరో మందు చుక్కకూ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. రక్తం నుంచి తీసే సీరం చుక్కల్లో నిల్వమందు ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టి, డాక్టరు చెప్పిన గడువు దాటగానే పారేయండి.

పొర తెల్లగానో గోధుమరంగులోనో మారడం, అంచు నుంచి ఎర్రటి సన్నని నాళాలు పాకడం, కొన్ని వారాల్లో ఆమ్నియోటిక్ పొర తునకలుగా రాలడం మామూలే. హఠాత్తుగా నీళ్ళు ధారకట్టినా, పసుపు జిగురు కనిపించినా, గాయంలోంచి నల్లటి మెత్తటి ముక్క పొడుచుకొచ్చినా అది వేరే సంగతి. ఆ నల్లటిది కంటిలోపలి రంగు పొర, ఐరిస్, కావొచ్చు. తుడవొద్దు, నొక్కొద్దు, ఆయింట్‌మెంట్ అసలు వేయొద్దు, అది చిల్లులోంచి కంటిలోపలికి పోతుంది. కాలర్ అలాగే ఉంచి, ఎవరూ మెడ పట్టకుండా ఎత్తుకుని, బయల్దేరుతూనే ఆస్పత్రికి ఫోన్ చేయండి.